62 వేల చైనా స్కూటరు: రెండున్నరేళ్ల వాడకం తర్వాత

మా అంగడి ముందు నిలబెట్టిన బూడిదరంగు కరెంటు స్కూటరును చూసి వారానికి ఇద్దరైనా ఆగుతారు. "ఏమన్నా, ఎట్లుంది ఈ బండి? కొనొచ్చా?" అని అడుగుతారు. అవుననో కాదనో ఒక్క ముక్కలో తేలే విషయం కాదు. ప్రతి ఒక్కరికీ ఒక టీ అయ్యేదాకా కథ చెప్పాల్సి వస్తోంది. అందుకే ఇది రాస్తున్నా. ఇకమీదట అడిగినవాళ్లకు ఫోన్లో పంపిస్తా.

నాది కడపలో ఐటీఐ సర్కిల్ దగ్గర మోటారు వైండింగ్ అంగడి. 24 ఏళ్లుగా ఇదే పని. బోరు మోటార్లు, కూలర్లు, మిక్సీలు, బండల పాలిష్ మిషన్లు, కాలిపోయినవన్నీ నా దగ్గరికి వస్తాయి. గొప్పకు చెప్పడం లేదు. ఈ బండి ఇన్నాళ్లు రోడ్డు మీద ఉండడానికి సగం కారణం ఆ చేతిపనే. ఆ సగం తీసేసి మీ లెక్క మీరు వేసుకోవాలి.

కొన్నది 2023 ఫిబ్రవరిలో, 62,000 పెట్టి. మా ఇంటామె జాకెట్లు కుడుతుంది. ఇల్లు ఎర్రముక్కపల్లిలో. లైనింగు గుడ్డకో, హుక్కులకో, మ్యాచింగ్ దారానికో వై.వి. స్ట్రీటుకు పోని రోజు ఉండదు. ఆటోలకే నెలకు పదిహేను వందలు పోయేది. పెట్రోలు చూస్తే లీటరు 110 దాటి కూర్చుంది. పైగా ఆమెకు లైసెన్సు లేదు. తీసుకోమంటే "ఆ ఎనిమిది అంకె నేను తిప్పలేను" అంటుంది. లైసెన్సు అక్కర్లేని బండి ఉందని తెలిసిన రోజే ఆమె మనసులో కొనేసింది. డబ్బు కట్టింది మాత్రం నేను.

ఆ లైసెన్సు సంగతి చాలామందికి సరిగా తెలియదు కాబట్టి చెప్తాను. మోటారు 250 వాట్లు మించకూడదు, వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటకూడదు, బ్యాటరీ తీసేస్తే బండి బరువు 60 కిలోల లోపు ఉండాలి. అప్పుడే చట్టం దాన్ని మోటారు వాహనం కింద లెక్కపెట్టదు. రిజిస్ట్రేషను, లైసెన్సు అవసరం లేదు. ఈ మూడింట్లో ఏది దాటినా అది మామూలు బండే, మామూలు కాగితాలన్నీ కావాలి.

షోరూంలో అబ్బాయి ఇదంతా చక్కగా అప్పజెప్పాడు. డబ్బు కట్టాక గొంతు తగ్గించి, "500 ఇయ్యండి సార్, స్పీడ్ లాక్ తీసేస్తా, 45 పోతాది" అన్నాడు. కంట్రోలర్ (బ్యాటరీ కరెంటును మోటారుకు కొలిచి పంపే డబ్బా) నుంచి బయటికి వచ్చే తెల్ల వైరు ముక్క ఒకటి ఉంటుంది. దాన్ని ఊడదీస్తే లాక్ పోతుంది. నేను వద్దన్నాను. చట్టం మీద భక్తితోనే అన్నానని చెప్తే అబద్ధం. 25 వేగానికి లెక్కేసి వేసిన వైర్లలో 45 వేగం కరెంటు పంపితే ఏమవుతుందో రోజూ కాలిన మోటార్లు చూసేవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ 500 ఇచ్చిన కుర్రాడి సంగతి తర్వాత వస్తుంది.

"పక్కా మన దేశం బండి సార్" అని కూడా అన్నాడు. ఇంటికొచ్చి సీటు లేపి, ఫుట్‌బోర్డు కింద మూత విప్పి చూశా. కంట్రోలర్ మీద, చార్జర్ మీద, యాక్సిలరేటర్ మీద, ఆఖరికి హారను మీద కూడా చైనా అక్షరాలే. ఫోను కెమెరా పెట్టి తర్జుమా చేయించి చదివా. వూషీ అని ఊరి పేరు వచ్చింది. ఆ ఊరి చుట్టూ ఇలాంటి బండ్ల కార్ఖానాలు గుంపులుగా ఉన్నాయట. అక్కడి నుంచి డబ్బాల్లో భాగాలు వస్తాయి, ఇక్కడ బిగించి మన పేరు అతికిస్తారు. బ్యాటరీల మీద, కాళ్ల కింద పరిచే మ్యాటు మీద మాత్రం మన దేశం పేరు కనిపించింది.

చైనా అని తెలిశాక నాకు భయం వేయలేదు. మోటారు విప్పి చూడాలని చేయి దురద పెట్టింది. వారంటీ పోతుందని అప్పటికి ఆగాను. వారంటీకి ఎంత విలువుందో తెలిసుంటే ఆ రోజే విప్పేవాడిని.

ముందు మంచి మాట చెప్తాను. ఈ బండిలో మోటారు నిజంగా బాగుంది. వెనక చక్రం లోపలే ఉంటుంది, గేర్లు లేవు, బెల్టు లేదు, బ్రష్షులు లేవు. తిరిగేది అయస్కాంతాలున్న బయటి డొప్ప, కదలకుండా ఉండేది లోపలి వైండింగు. అరిగేవి రెండు బేరింగులే. ఏడాది తర్వాత పని పడి విప్పినప్పుడు, చవక మోటారు కదా, అల్యూమినియం తీగ చుట్టి ఉంటారని అనుకున్నా. బ్లేడుతో ఎనామిలు గీకి చూస్తే లోపల ఎర్రగా రాగి. చుట్టు కూడా దగ్గరగా, వార్నీషు బాగా పట్టి ఉంది. మన దగ్గర కూలర్ మోటార్లలో నేను చూసే పనికంటే శుభ్రంగా ఉందంటే ఉంది. 14,200 కిలోమీటర్లు తిరిగాక కూడా వైండింగు మీద మెగ్గరు (కరెంటు బయటికి కారుతోందా అని చూసే మీటరు) పెడితే ముల్లు కదలదు.

అయితే ఆ మోటారుకు తిండి పెట్టేవే ఒక్కొక్కటిగా చచ్చాయి.

మొదట పోయింది చార్జర్. పోతూ పోతూ బ్యాటరీలను కూడా సగం తీసుకుపోయింది. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన కడపలో ఈ బండ్లు ఎక్కువగా చచ్చేది ఇక్కడే. నా బండిలో 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఐదు వరుసగా ఉంటాయి, మొత్తం 60 వోల్టులు, 24 యాంపియర్ అవర్లు. చార్జర్ వాటిని సుమారు 73 వోల్టుల దాకా తోస్తుంది. బ్యాటరీలు నిండేకొద్దీ అవి తాగే కరెంటు తగ్గుతుంది. బాగా తగ్గినప్పుడు చార్జర్ "నిండింది" అనుకొని ఎర్ర లైటు ఆర్పి పచ్చ లైటు వెలిగిస్తుంది, వోల్టేజీ 69 దగ్గరికి దించుతుంది. చల్లని ఊళ్లో ఇది చక్కగా నడుస్తుంది. మే నెలలో కడపలో బండి ఎండలో తిరిగొచ్చి, రేకుల కింద నిలబడితే బ్యాటరీ లోపల కాగుతూనే ఉంటుంది. కాగిన బ్యాటరీ నిండాక కూడా కరెంటు తాగుతూనే ఉంటుంది. కరెంటు తగ్గదు కాబట్టి పచ్చ లైటు వెలగదు. తెల్లవార్లూ 73 వోల్టులు. అంతకంతకూ వేడి, వేడెక్కేకొద్దీ ఇంకా కరెంటు.

మా ఇంటామె "ఈ మధ్య పచ్చ లైటే రావడంల్యా" అని రెండు రోజులు చెప్పింది. నేను ఊళ్లోవాళ్ల మోటార్లు చూస్తూ ఇంటి మాట వినలేదు. మూడో రోజు పొద్దున్న చేయి పెట్టి చూస్తే బ్యాటరీలు ఇస్త్రీ పెట్టెలా ఉన్నాయి. నడిమి రెండింటి పక్కలు పూరీల్లా ఉబ్బాయి. చార్జర్ విప్పితే చిన్న ఫ్యాను తిరగకుండా బిగుసుకుపోయి ఉంది. ఇంటి పక్క సందులో బండలు కోస్తారు. ఆ నల్ల దుమ్ము రెక్కల్లో పట్టి సిమెంటు అయిపోయింది. కొత్త చార్జర్ 1,700.

అప్పటి నుంచి చేస్తున్నది రెండే పనులు. బండి వచ్చాక గంట, వీలైతే రెండు గంటలు చల్లారనిచ్చి చార్జింగు పెట్టడం. గోడ ప్లగ్గుకు టైమర్ తగిలించి ఏడు గంటలకు ఆగిపోయేలా చేయడం. ఇలా మార్చాక చార్జింగులో బ్యాటరీలు మళ్లీ అంత కాగలేదు. 25 డిగ్రీల దగ్గర లెక్కేసిన లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు ప్రతి 10 డిగ్రీల వేడికీ సగమవుతుందని మా పనిలో అందరూ అనే మాట. 43 డిగ్రీల ఊళ్లో షోరూం వాడు చెప్పే "మూడేళ్లు"ను మీరే కోసుకోవాలి.

మొదటి సెట్టు 17 నెలలు వచ్చింది. కొత్తలో ఒక చార్జింగుకు 52 కిలోమీటర్లు (షోరూం మాట 80), ఏడాదికి 40, చివర్లో 22. ఆ 22లో కూడా చివరి ఐదు కిలోమీటర్లు సైకిలు వాడు మనల్ని దాటి వెనక్కి తిరిగి చూసే వేగం. 2024 జూలైలో మొత్తం మార్చా. పాతవి ఇచ్చేసి 15,500 కట్టాను. పాత ఇనుము అంగట్లో తూకమేస్తే ఐదూ కలిపి 36 కిలోలు తూగాయి. ఐదింట్లో నిజంగా చచ్చినవి ఉబ్బిన రెండే. ఆ రెండే మార్చి చూద్దామని నేనూ అనుకున్నా. ఆ తప్పు చేయకండి. పాతవాటి పక్కన కొత్తది పెడితే పాతది ముందే ఖాళీ అవుతుంది, ముందే నిండుతుంది, కొత్తదాన్ని కూడా లాగేస్తుంది. రెండు నెలలకే ఐదూ ఒకే వయసుకు వస్తాయి, ముసలి వయసుకు.

కంపెనీవాళ్లను అడగలేదా అంటారు. అడిగాను. చార్జర్ పోయినప్పుడు "చార్జర్‌కు ఆరు నెలలే సార్" అన్నారు. నాకు అప్పటికి నాలుగో నెలే నడుస్తోందని బిల్లు చూపిస్తే "పై ఆఫీసుకు పంపాం" అన్నారు. ఆ పై ఆఫీసు ఎంత పైన ఉందో గానీ ఏమీ కిందికి రాలేదు. పదకొండో నెలలో షోరూం షట్టరే దిగింది. ఇప్పుడక్కడ బిర్యానీ అమ్ముతున్నారు. బిర్యానీ బాగుంటుంది. వారంటీ కార్డు మీద నంబరు మాత్రం మోగదు.

2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వానలు వచ్చినప్పుడు బండి రెండు రోజులు వాకిట్లో తడిసింది. లైట్లు, హారను, ఇండికేటర్లు అన్నీ ఒకేసారి పోయాయి, బండి మాత్రం నడుస్తోంది. 60 వోల్టులను 12కు దించే చిన్న డబ్బా ఒకటి ఉంటుంది, కన్వర్టర్ అంటారు, అందులోకి నీళ్లు పోయాయి. కొత్తది 400. దానికంటే నన్ను విసిగించింది వైర్ల జాయింట్లు. తెల్ల ప్లాస్టిక్ కప్పుల్లో సన్నని ఇత్తడి పిన్నులు, రబ్బరు మూత లేదు, గ్రీజు లేదు. వానకు పచ్చగా చిలుము పట్టాయి. చిలుము పట్టిన చోట వేడి, వేడి పుట్టిన చోట ప్లాస్టిక్ కరుగుడు. మూడు వందల లోపు సామానుతో అన్నీ కోసేసి, లుగ్గులు పెట్టి టంకం వేసి, స్లీవు ఎక్కించా. కొత్త బండి కొన్నవాళ్లు మొదటి నెలలోనే ఈ పని చేయించుకోవాలి. కార్ఖానాలో బండికి పది రూపాయలు మిగుల్చుకోవడానికి చేసిన పిసినారితనం ఇది. మంచి రాగి మోటారు చేసిన ఆ చేతులే ఈ పిన్నులు ఎట్లా పెట్టాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

2024 మార్చిలో బండి కదలబోయేటప్పుడు వణకడం మొదలైంది. ముందుకు పోదు, వెనక్కి పోదు, చలిజ్వరం వచ్చినట్టు ఊగుతుంది. తెలియనివాళ్లు మోటారు పోయిందంటారు. ఒక మెకానిక్ మా పాలాయనకు ఇలాగే చెప్పి కొత్త మోటారుకు 6,500 చెప్పాడట. మోటారు లోపల బియ్యపు గింజ కంటే కొంచెం పెద్దవి మూడు హాల్ సెన్సార్లు ఉంటాయి. చక్రం ఎక్కడుందో కంట్రోలర్‌కు చెప్పేది అవే. చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ మీటరు పెడితే ఒక్కో వైరు మీద సున్నా, ఐదు, సున్నా, ఐదు వోల్టులు అని మారాలి. నాదాంట్లో ఒకటి ఐదు దగ్గరే నిలబడిపోయింది. ఒక్కోటి 40 రూపాయలు, మూడూ మార్చా, ఎలాగూ విప్పా కదా అని బేరింగులూ మార్చా, అవి 260. కష్టం విప్పడంలోనే ఉంది. అయస్కాంతాలు డొప్పను వదలవు, పుల్లరు లేకుండా లాగితే ఒక్కసారిగా మూసుకొని వేలు నలుగుతుంది. మా అంగట్లో పిల్లోడికి గోరు ఊడింది.

పాలాయన పేరెత్తాను కాబట్టి ఆయన సంగతి చెప్తా. మాదాంటి బండే, రంగు తేడా. రోజూ రెండు 20 లీటర్ల క్యాన్లు వేసుకొని తిరుగుతాడు. టైరు పంక్చరైతే అంగడివాడు చక్రం ఊడదీసి, మళ్లీ బిగించేటప్పుడు ఇరుసు దగ్గరి కొక్కెం వాషరు పెట్టడం మరిచాడు. మామూలు బండికి అదేమంత పెద్ద సంగతి కాదు. ఈ బండికి మోటారు వైర్లు ఇరుసు రంధ్రం గుండానే బయటికి వస్తాయి. యాక్సిలరేటర్ తిప్పగానే చక్రం తిరగాల్సింది పోయి ఇరుసే తిరిగింది. వైర్లన్నీ తాడు పేనినట్టు మెలిపడి తెగాయి, ఒకదానికొకటి తగిలి కంట్రోలర్ కాలింది. ఇరవై రూపాయల వాషరుకు మూడు వేల పైన ఖర్చు. మీ బండి వెనక చక్రం ఎవరు విప్పినా పక్కన నిలబడి ఆ వాషరు చూసుకోండి.

స్పీడ్ లాక్ తీయించుకున్న కుర్రాడు ఇళ్లకు తిండి పార్శిళ్లు చేరవేసేవాడు. రోజుకు 60, 70 కిలోమీటర్లు, మధ్యాహ్నం ఒకసారి ఎండలోనే చార్జింగు, మళ్లీ పరుగు. బ్యాటరీలు ఏడు నెలల్లో అయిపోయాయి. ఎంసీబీ (ఫ్యూజు లాంటి స్విచ్చు) దగ్గర వైరు కాలి సీటు కింద పొగ వచ్చింది. బండిని ముక్కలకు అమ్మేశాడు. అతన్ని తప్పు పట్టలేను, పెట్రోలు బండి కొనే డబ్బు లేక కొన్నాడు. కానీ ఈ బండి ఆ పనికి పుట్టలేదు.

ఇంకోవైపు మా వీధి చివర రిటైరైన హెడ్మాస్టరు సారున్నారు. 2022 ఎండాకాలంలో కొన్నారు. పొద్దున్నే దేవుని కడప గుడికి, సాయంత్రం కూరగాయలకు, రోజుకు ఎనిమిది కిలోమీటర్లు. వేపచెట్టు నీడలో తప్ప నిలపరు. బ్యాటరీ సగానికి దిగకముందే, రోజు మార్చి రోజు, పొద్దుగూకాక చార్జింగు. ఊరికి పోతే నిండుగా పెట్టి పోతారు, ఖాళీగా వదలరు. ఖాళీగా నెల రోజులు పడున్న లెడ్ యాసిడ్ బ్యాటరీ మళ్లీ మనిషి కాదు. ఆయన బండికి ఇప్పటికీ షోరూం నుంచి వచ్చిన బ్యాటరీలే, 30 కిలోమీటర్లు పోతోంది. ఒక బ్రేకు షూ, ఒక యాక్సిలరేటర్, అంతే ఖర్చు. ఆయన బండి చూసి "చైనా బండి బ్రహ్మాండం" అనేవాళ్లున్నారు. నేనైతే ముందు సారును మెచ్చుకుంటా.

ఇక నా సొంత తెలివితక్కువ పని. 2025 జనవరిలో, కొత్త బ్యాటరీలు, కొత్త సెన్సార్లు, అన్ని జాయింట్లూ నా చేతివే అన్న పొగరుతో, గువ్వలచెరువుకు పోయి పాలకోవా తెద్దామని బయల్దేరా. రాయచోటి రోడ్డు. వెనక అంగట్లో పిల్లోడు. తిరుగు ప్రయాణానికి ఏ కోవా అంగట్లోనో చార్జింగు పెట్టుకుందామని చార్జర్ కూడా సంచిలో వేసుకున్నా. ఘాట్ దగ్గరికి వచ్చేదాకా బాగానే వచ్చింది. మొదటి ఎత్తు ఎక్కేటప్పుడు వేగం 25 నుంచి 14కు, 14 నుంచి 8కి. లారీలు హారను కొడుతూ పక్క నుంచి పోతున్నాయి. పిల్లోడు దిగి "అన్నా, నేను నడుస్తా, నువ్వు పోనీ" అన్నాడు. నేను ఇంకొంచెం తిప్పా. రాయి ఇరుక్కొని తిరగని బోరు మోటారుకు స్టార్టరు నొక్కి పట్టుకుంటే ఏమవుతుందో నేనే రైతులకు వందసార్లు చెప్పుంటా. తిరగలేని మోటారు అందరికంటే ఎక్కువ కరెంటు లాగుతుంది, అదంతా వేడిగా మారుతుంది. ఆ మాట నాకు నేను చెప్పుకోలేదు. సీటు కింద నుంచి కాలిన వాసన వచ్చింది, బండి నిలబడిపోయింది.

నిలబడితే నిలబడింది, తోసుకుపోదామంటే చక్రం కదలదు. కంట్రోలర్ లోపలి మాస్‌ఫెట్లు (కరెంటును ఆన్, ఆఫ్ చేసే చిన్న స్విచ్చులు) షార్టయితే మోటారు బ్రేకులా పనిచేస్తుంది. పసుపు, పచ్చ, నీలం, మూడు లావు వైర్లు ఊడదీస్తేగానీ చక్రం వదల్లేదు. పుణ్యానికి మేం ఎక్కినంతా ఇప్పుడు దిగడమే, కింది దాకా మోటారు లేకుండానే జారుకుంటూ వచ్చాం. అక్కడి నుంచి టమాటాలు దించి వస్తున్న ఆటోవాడు 600 తీసుకొని ఇంట్లో దించాడు. మా ఇంటామె కోవా యాడని అడగలేదు. అడిగినా బాగుండేది. కంట్రోలర్ 2,200, హైదరాబాదు నుంచి ఐదు రోజులకు వచ్చింది.

ఆ ఐదు రోజులు బండి మూలన పడున్నప్పుడే మా చిన్నాయన కొడుకు ఒక మాట అన్నాడు. వాడు బోరు బండి మీద టాంజానియాలో ఆరేళ్లు పనిచేసి వచ్చాడు. అక్కడ ఊళ్లలో ఆటోల బదులు మోటారుసైకిళ్లే, బోడాబోడా అంటారు. అందులో చైనా 125 సీసీ బండ్లు బోలెడు. ఆ ఇంజను పుట్టుక హోండాది. 1976లో సీజీ125 అని, ఆయిలు సరిగా మార్చని, దుమ్ములో నడిపే దేశాల కోసం పుష్‌రాడ్లతో (వాల్వులను తెరిచే కడ్డీలు) మొరటుగా, గట్టిగా చేశారు. చైనావాళ్లు దాన్నే నకలు చేసి చవకగా ప్రపంచమంతా పంపారు. మన బజాజ్ బాక్సరు, టీవీఎస్ బండ్లు కూడా అక్కడ బాగా తిరుగుతాయి. "గట్టిదనం అడిగితే మన బండే అంటారన్నా. అయినా చైనాది కొంటారు. ఏంటికంటే, సామాను ప్రతి చిన్న అంగట్లో వేలాడుతా ఉంటాది. క్లచ్ ప్లేటు కావాలన్నా, కార్బరేటర్ కావాలన్నా చెట్టు కిందనే. నీ మాదిరి ఐదు దినాలు కాచుకోవడం ఉండదు" అన్నాడు. వాడి మాట నాకు సరిగ్గా తగిలింది. నా బండి పాడైన రోజులకంటే సామాను కోసం నిలబడిన రోజులే ఎక్కువ. యాక్సిలరేటర్ 350 రూపాయల వస్తువు, దాని వెనక ఉన్న ప్లగ్గు ఆకారం ఒక్కో సరుకుకు ఒక్కో రకం. వచ్చింది సరిపోక, ప్లగ్గు కోసి వైర్ల రంగులు చూసి కలుపుకున్నా. రంగుల వరుస మాత్రం చాలావరకు ఒకటే ఉంటుంది, అదొక్కటే ఊరట.

డబ్బు లెక్క. అంగట్లో డైరీలో రాసినవి కూడితే బ్యాటరీలు, చార్జర్, కంట్రోలర్, ఒక టైరు 1,250, రెండుసార్లు బ్రేకు షూలు 600, మిగతా చిల్లర, అన్నీ కలిపి 22,660. కరెంటు యూనిట్ 6 రూపాయల లెక్కన మూడు వేల పైచిలుకు. ఆటో కూలి 600 సిగ్గుపడి కలపలేదు. 14,200 కిలోమీటర్లకు పంచితే కిలోమీటరుకు 1 రూపాయి 80 పైసలు. 45 మైలేజి ఇచ్చే పెట్రోలు స్కూటరుకు పెట్రోలే 2 రూపాయల 45 పైసలు పడుతుంది, సర్వీసు వేరు. మిగిలింది తొమ్మిది వేలు, సర్వీసు ఖర్చు కలిపితే ఇంకో నాలుగు. ఇందులో నా కూలి లేదు. అదే పనులు బయట చేయించి ఉంటే ఐదారు వేలు పోయేవి, ఒక చోట "మోటారు పోయింది" అన్న మాట నమ్మి ఉంటే ఇంకో 6,500. అప్పుడు మిగిలేది దాదాపు ఏమీ లేదు. "కిలోమీటరుకు పావలా" అని పోస్టరు మీద రాసినది ఒక్క కరెంటు లెక్క. బ్యాటరీ అరుగుదల ఆ పావలాలో లేదు, అసలు ఖర్చంతా అక్కడే ఉంది.

మరి కొనొచ్చా? రోజుకు పది పదిహేను కిలోమీటర్లు, ఊళ్లోనే, చదునైన రోడ్డు, నీడలో నిలిపే చోటు, ఓపికగా చార్జింగు పెట్టే మనిషి ఉంటే కొనొచ్చు. వెళ్లేటప్పుడు బండికంటే ముందు షోరూం వెనక్కి పోయి చూడండి. అక్కడ విప్పిన బండ్లుండాలి, మీటరు పట్టుకున్న మనిషుండాలి, అరలో కంట్రోలర్లు, చార్జర్లు ఉండాలి. ముందు బెలూన్లు, వెనక ఖాళీ గోడ అయితే టీ తాగి వచ్చేయండి. సరుకు మోసేవాళ్లు, డెలివరీ చేసేవాళ్లు, ఘాట్ వైపు ఊళ్లవాళ్లు దీని జోలికి పోవద్దు.

ఇప్పుడు రెండో సెట్టుకు 14 నెలలు నిండాయి. 36 కిలోమీటర్లు వస్తోంది, మొదటి సెట్టు కంటే నయం. వచ్చే ఎండాకాలం దాటుతుందని నాకు నమ్మకం లేదు. లిథియం వేయించమని కొందరంటున్నారు. ఖర్చు దాదాపు రెట్టింపు, చార్జర్ కూడా మారాలి. ఊరూ పేరూ లేని లిథియం డబ్బాను ఇంట్లో పెట్టి పడుకునే ధైర్యం నాకు లేదు. 2022లో విజయవాడలో ఇంట్లో చార్జింగు పెట్టిన బ్యాటరీ పేలి ఒకాయన ప్రాణం పోయింది. మొన్న ఆదివారం మా ఇంటామెతో, దీన్ని వచ్చినకాడికి అమ్మేసి పెట్రోలు స్కూటరు తీసుకుందామా అన్నా. ఆమె కత్తెర ఆపకుండానే, "లైసెన్సు పరీక్షకు నేను రాను. బ్యాటరీలు తెప్పియ్యి. ఈసారి పచ్చ లైటు రాలేదని చెప్తే ఆ పూటే చూడు" అంది.